కోర్టు వరండాలో ఒక ఒడంబడిక

గౌరవనీయులైన న్యాయమూర్తులకు, బార్ పెద్దలకు, లా చదువుతున్న తమ్ముళ్లకు, చెల్లెళ్లకు నమస్కారం.

మానవ హక్కుల దినం సందర్భంగా మాట్లాడమన్నారు. ఇందాక టీ తాగుతుంటే ఒక తమ్ముడు అడిగాడు: "సార్, అంతర్జాతీయ చట్టం ఢిల్లీలోనో హేగ్‌లోనో ఉండేది కదా, నల్లగొండ జూనియర్ సివిల్ జడ్జి కోర్టులో దాంతో ఏం పని?" రాసుకొచ్చిన కాగితాలు పక్కన పెట్టి ఆ ప్రశ్నకే జవాబు చెప్తాను.

నేను జూనియర్‌గా చేరిన కొత్తలో మా ఆఫీసుకు ఒక ఈపీ, అంటే కోర్టు తీర్పును అమలు చేయించమని వేసే పిటిషన్, వచ్చింది. దేవరకొండ వైపు రైతు. బత్తాయి తోట ఉండేది. వరసగా బోర్లు ఫెయిలై చెట్లు నిలువునా ఎండిపోయాయి. ఆ బోర్ల కోసం ప్రోనోటు రాసి తెచ్చిన అప్పు మీద డిక్రీ, అంటే కట్టాల్సిందేనన్న కోర్టు తీర్పు, అయింది. కట్టలేదు కాబట్టి అరెస్టు చేసి సివిల్ జైలుకు పంపమని అప్పిచ్చినాయన ఈపీ వేశాడు. కోర్టు ఉత్తర్వులు అమలు చేసే అమీన్ వెంట వచ్చి కోర్టు వరండాలో బెంచీ మీద కూర్చున్నాడాయన. ఒళ్లో యూరియా సంచి. ఏముంది పెద్దాయనా అంటే విప్పి చూపించాడు. ఒక ధోవతి, ఒక తువ్వాల, బీపీ గోళీలు. "జైలుకు తోలుతరంట గద సారూ, ఇంట్ల చెప్పే వచ్చిన" అన్నాడు.

మా సీనియర్ గారు అల్మారాలోంచి కోర్టు తీర్పులు అచ్చేసే ఏఐఆర్‌లో 1980 నాటి సుప్రీంకోర్టు సంపుటం తీసి 470వ పేజీ తెరిచారు. జాలీ జార్జ్ వర్గీస్ వర్సెస్ బ్యాంక్ ఆఫ్ కొచ్చిన్, జస్టిస్ కృష్ణయ్యర్ తీర్పు. అంతకు ముందు ఏడాది, 1979 ఏప్రిల్‌లో, పౌర, రాజకీయ హక్కుల అంతర్జాతీయ ఒడంబడికలో మన దేశం చేరింది. ఒప్పందం ప్రకారం కట్టాల్సింది కట్టలేకపోయినంత మాత్రాన ఎవరినీ జైల్లో పెట్టకూడదని ఆ ఒడంబడిక 11వ అధికరణం చెబుతుంది. మన సివిల్ ప్రొసీజర్ కోడ్ 51వ సెక్షన్ మాత్రం అప్పు కట్టనివాణ్ణి కొన్ని షరతులతో జైలుకు పంపవచ్చంటుంది. రెండింటిలో ఏది నెగ్గాలి?

ఈ ప్రశ్నకు కృష్ణయ్యర్ గారు దాటవేయకుండా జవాబిచ్చారు. ఒడంబడిక దానంతటదే మన దేశంలో చట్టం అయిపోదు, పార్లమెంటు చట్టం చేయాలి అన్నారు. అక్కడితో ఆగిపోలేదు. 51వ సెక్షన్‌ను ఆ ఒడంబడికతోను, జీవించే హక్కునిచ్చే రాజ్యాంగం 21వ అధికరణంతోను కలిపి చదివారు. ఉత్తగా బాకీ పడ్డంత మాత్రాన చాలదు, చేతిలో ఉండీ ఎగ్గొట్టే దురుద్దేశం కనపడాలి, మనిషికున్న ఇతర అవసరాలను, ఇబ్బందులను కూడా లెక్కలోకి తీసుకోవాలి అన్నారు. సెక్షన్‌లో ఒక్క అక్షరం మారలేదు, దాని అర్థం మారింది.

మా కేసులో జడ్జి గారు విచారణ జరిపారు. రైతుకు మీన్స్, అంటే అప్పు కట్టే స్తోమత, ఉన్నట్టు అవతలివాళ్లు చూపించలేకపోయారు. అరెస్టు కోరిన ఈపీ కొట్టేశారు. అప్పు మాఫీ కాలేదు, ఆ విషయం దాచను. తర్వాత లోక్ అదాలత్‌లో వాయిదాలకు ఒప్పుకున్నారు. జైల్లో ఆ సంచి విప్పాల్సిన పని మాత్రం పడలేదు.

పరీక్షకు చదివేవాళ్ల కోసం ఒక్క నిమిషం. ఒప్పందాలను, అంతర్జాతీయ చట్టాన్ని గౌరవించమని రాజ్యాంగం 51(సి) అధికరణం చెబుతుంది. అది ఆదేశిక సూత్రం, దాన్ని పట్టుకుని నేరుగా కోర్టుకు వెళ్లలేం. ఒప్పందం అమలు కోసం ఏ విషయం మీదనైనా చట్టం చేసే అధికారం 253వ అధికరణం పార్లమెంటుకు ఇచ్చింది. ఇక దేశాలన్నీ ఆనవాయితీగా పాటించే నియమాల సంగతి 1984లో గ్రామోఫోన్ కంపెనీ కేసులో మన తెలుగు న్యాయమూర్తి జస్టిస్ ఓ. చిన్నపరెడ్డి తేల్చారు. మన చట్టానికి ఎదురు రానంతవరకు అవి మన చట్టంలో భాగమే. ఎదురొస్తే మన చట్టానిదే పైచేయి.

చట్టమే లేని చోట? 1997లో విశాఖ అనే మహిళా సంస్థ పేరు మీద నడిచిన కేసులో పని చేసే చోట లైంగిక వేధింపులపై సుప్రీంకోర్టు మహిళల వివక్ష నిర్మూలన ఒడంబడికను ఆధారం చేసుకుని మార్గదర్శకాలు ఇచ్చింది. పార్లమెంటు చట్టం చేసేసరికి 2013 వచ్చింది. పదహారేళ్లు ఆ మార్గదర్శకాలే చట్టం. పదిమంది కంటే తక్కువమంది పని చేసే చోట్ల ఉన్న ఆడవాళ్ల కోసం జిల్లాకో స్థానిక కమిటీ ఉండాలని ఆ చట్టం చెబుతుంది. చెల్లెళ్లూ, ఇది మీ క్లయింట్లకు తప్పకుండా చెప్పండి.

నల్లగొండలో నిలబడి నీళ్ల గురించి చెప్పకుండా దిగిపోలేను. మర్రిగూడ, మునుగోడు వైపు ఫ్లోరైడ్ నీళ్లు తాగి నడుములు వంగిపోయిన మనుషుల్ని చూస్తూ పెరిగాం. మంచినీళ్లు హక్కు అని రాజ్యాంగంలో ఎక్కడా ఆ మాటతో రాసి లేదు. హైదరాబాద్‌కు తాగునీరిచ్చే హిమాయత్‌సాగర్, ఉస్మాన్‌సాగర్ దగ్గర ఒక పరిశ్రమకు ప్రభుత్వం ఇచ్చిన మినహాయింపు మీద నడిచిన ఎం.వి. నాయుడు కేసులో, 2000లో, సుప్రీంకోర్టు ఆ మినహాయింపు చెల్లదంది. ఆ తీర్పులో 1977 నాటి ఐక్యరాజ్యసమితి నీటి సదస్సు తీర్మానాన్ని తీసుకుని, తాగునీరు జీవించే హక్కులో భాగమని చెప్పింది. సదస్సు తీర్మానానికి ఒడంబడికకున్న బలం కూడా లేదు. అయినా 21వ అధికరణం పక్కన పెట్టేసరికి దానికి బలం వచ్చింది. ఈ తీర్పు మన జిల్లాలో ప్రతి లాయరు దగ్గరా ఉండాలని నా కోరిక.

పరిమితులు కూడా చెప్పాలి. చిత్రహింసల వ్యతిరేక ఒడంబడిక మీద మనం 1997లో సంతకం పెట్టాం, ఇప్పటిదాకా రాటిఫై చేయలేదు, అంటే కట్టుబడతామని ఆమోదించలేదు. ఇది నాకు బాధ కలిగించే విషయం. వేరే దేశాల్లోనూ చిక్కులున్నాయి. విదేశంలో అరెస్టయిన మనిషికి తన ఎంబసీని సంప్రదించే హక్కు ఉందని 1963 నాటి వియన్నా కాన్సులర్ ఒప్పందం 36వ అధికరణం చెబుతుంది. మెక్సికో వాళ్ల విషయంలో ఈ హక్కును అమెరికా ఉల్లంఘించిందని, కేసులు మళ్లీ పరిశీలించాలని హేగ్ కోర్టు, అంటే అక్కడి అంతర్జాతీయ న్యాయస్థానం, 2004లో చెప్పింది. తమ పార్లమెంటయిన కాంగ్రెస్ చట్టం చేయనిదే ఆ తీర్పు మాకు చట్టం కాదని అమెరికా సుప్రీంకోర్టు 2008లో అంది. మెదయిన్ అనే మెక్సికో పౌరుడికి టెక్సాస్ అదే ఏడాది మరణశిక్ష అమలు చేసింది. పాకిస్తాన్ మరణశిక్ష వేసిన మన దేశస్థుడు కుల్‌భూషణ్ జాదవ్ విషయంలోనూ ఇదే అధికరణం. 2019లో హేగ్ కోర్టు శిక్షను పునఃపరిశీలించమంటే, అందుకు దారిగా పాకిస్తాన్ పార్లమెంటు 2021లో ప్రత్యేకంగా చట్టం చేయాల్సి వచ్చింది. హేగ్ కోర్టుకు అమీన్ లేడు తమ్ముళ్లూ. దాని తీర్పు ఇంటి చట్టం గుమ్మం దాటాల్సిందే.

చివరగా పాలమూరు మాట. కూలీలను పనికి తీసుకెళ్లే గుంపు మేస్త్రీ అడ్వాన్స్ చేతిలో పెడతాడు, కుటుంబం కుటుంబం ముంబైకో పుణెకో పోతుంది, లెక్క ఎప్పటికీ తేలదు. నిర్బంధ శ్రమ మీద అంతర్జాతీయ కార్మిక సంస్థ 1930లో చేసిన 29వ నంబరు ఒప్పందాన్ని మనం 1954లో రాటిఫై చేశాం. వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం 1976లో వచ్చింది. కనీస వేతనం కంటే తక్కువిచ్చి చేయించుకుంటే అది రాజ్యాంగం 23వ అధికరణం కింద నిర్బంధ శ్రమేనని ఏషియాడ్ (ఢిల్లీ ఆసియా క్రీడలు) కూలీల కేసులో జస్టిస్ భగవతి 1982లో చెప్పారు.

కాబట్టి అలాంటి కుటుంబం మీ ఆఫీసు గుమ్మంలోకి వస్తే ముందు కూర్చోబెట్టి అడగండి. అడ్వాన్స్ ఎంత, రోజుకు ఎంత రాశారు, చేతికి ఎంత వచ్చింది, వెళ్లిపోతామంటే మేస్త్రీ ఏమన్నాడు. ఆర్డీవోకు ఇచ్చే అర్జీలో 1976 చట్టం మొదట రాయండి, తర్వాత 23వ అధికరణం, దాని కింద 1982 తీర్పు, ఆ తర్వాత 29వ నంబరు ఒప్పందం. ఈ వరస తారుమారు చేయకండి. వెట్టి నుంచి విడుదలైనట్టు అధికారులిచ్చే పత్రం చేతికొచ్చేదాకా ఫైలు కట్టకండి.