నోటి మీద వేలు లేని నిశ్శబ్దం: ఒకటి, రెండు తరగతులకు కదలిక పాఠం

అందరికీ నమస్కారం.

ఈ మాటలు ఒకటి, రెండు తరగతులు చెప్పే టీచర్ల కోసం. పిల్లలు ఎరుకతో కదలడం, అంటే కాలు ఎక్కడ ఆనుతోందో, ఊపిరి ఎలా నడుస్తోందో గమనించుకుంటూ కదలడం నేర్పే అరగంట పాఠాన్ని ఎలా సిద్ధం చేసుకోవాలో చూద్దాం.

మన బడిలో పిల్లలకు తెలిసిన నిశ్శబ్దం ఒకటే: చేతులు కట్టుకో, నోటి మీద వేలేసుకో. ఒంటితో చేసేవాటిలో వాళ్లు త్వరగా నేర్చుకునేవి గుంజీళ్లు, గోడకుర్చీ. విద్యాహక్కు చట్టం 2009లోనే 17వ సెక్షన్‌లో శారీరక దండనను నిషేధించింది, అయినా ఆ మాటలు పిల్లల చెవుల్లోంచి పోలేదు. అందుకే ఈ పాఠంలో ఆ మూడూ కనబడకూడదు. తొడలకు ఎంత బలమైనా సరే, గోడకుర్చీ వద్దు. అల్లరి చేసిన పిల్లవాడితో "పోయి చెట్టులా నిలబడు" అనడం అసలే వద్దు. ఒక్కసారి అన్నారంటే, ఈ పాఠంలో ఒంటికాలి మీద నిలబడే చెట్టు ఆకారం కూడా శిక్షల్లో కలిసిపోతుంది. దాన్ని మళ్లీ ఆటలోకి తేవడం చాలా కష్టం.

ఇక అసలు విషయం. ఆరేళ్ల పిల్లలను కూర్చోబెట్టి, కళ్లు మూయించి, ప్రశాంతంగా ఉండమంటే ఉండలేరు. అది మొండితనం కాదు, వయసు. ముందు గట్టిగా కదలనివ్వాలి. అలసట వల్ల కాళ్లు తమంతట తాము నెమ్మదించే క్షణం ఒకటి వస్తుంది, నిదానాన్ని అక్కడ అందుకోవాలి. జూన్ 21 యోగా దినోత్సవం నాడు చేసే ఉమ్మడి యోగా క్రమం 45 నిమిషాలది, అది పిల్లల కోసం కూర్చింది కాదు. దాన్నే కుదించి ఒకటో తరగతికి పెడితే సగం మంది పక్కవాళ్ల జడలు లాగుతూ ఉంటారు.

ఫలితాల గురించి కూడా అతిగా చెప్పకండి. బ్రిటన్‌లో 85 స్కూళ్లలో, 8 వేలకు పైగా పిల్లలతో జరిగిన ఒక పెద్ద పరిశోధన ఫలితాలు 2022లో వచ్చాయి. పదకొండేళ్లు దాటిన పిల్లలకు ధ్యానం లాంటి పాఠాలు చెప్పి చూస్తే, మామూలుగా స్కూళ్లలో చెప్పే పాఠాల కన్నా మానసిక ఆరోగ్యానికి అదనపు మేలేమీ కనబడలేదు. ఆ పిల్లల వయసు వేరు, అక్కడి పద్ధతి వేరు. అయినా తల్లిదండ్రులకు "మీ వాడికి ఏకాగ్రత వచ్చేస్తుంది, మార్కులు పెరుగుతాయి" అని మాటివ్వకూడదని అది చెబుతోంది. ఇంకో సంగతి. 5 నుంచి 17 ఏళ్ల వాళ్లు రోజుకు సగటున 60 నిమిషాలు చెమట పట్టేలా ఆడాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. మన పాఠం ఆ లెక్కకు సరిపోదు. ఆటల పీరియడ్ తీసేసి ఇది పెడితే నష్టపోయేది పిల్లలే.

సమయం: భోజనం తర్వాత వద్దు, రెండు గంటలైనా గడవాలి. స్కూల్లో ఇచ్చే రాగి జావ తాగాక అరగంట ఆగితే చాలు. కాబట్టి పొద్దున రెండో పీరియడ్ అనుకూలం. ఒంటిపూట బడుల రోజుల్లో మొదటి పీరియడే, అదీ నీడలో. ఎండలో కాలిన బండల మీద వట్టి కాళ్లతో నిలబెట్టకూడదు. చెప్పులు విప్పించే ముందు మీరే ఒకసారి నేలంతా తిరిగి చూడండి. పల్లేరు కాయలు, గాజు పెంకులు, కంకర రాళ్లు ఏరేయండి.

ఇక చోటు. పాఠం చెడేది ఎక్కువగా ఇక్కడే. ఆరేడేళ్ల పిల్లలు చేతులు చాపితే దాదాపు నాలుగడుగులు. ముప్పై మందిని ఒకే వలయంలో, మూడడుగుల దూరంలో నిలబెడితే చేతులు తగులుతాయి, తోపులాట మొదలవుతుంది. మధ్యలో ఒక మేకు పాతి, 14 అడుగుల తాడుతో ఒక వలయం, 9 అడుగుల తాడుతో ఇంకో వలయం సుద్దతో గానీ ముగ్గుతో గానీ గీయండి. బయట 18 మంది, లోపల 12 మంది. ఒక్కొక్కరికీ నాలుగున్నర అడుగుల పైనే దొరుకుతుంది. ఎవరి చోట వాళ్లకు ఒక చుక్క పెట్టండి. "మీ చోటుకు వెళ్లండి" అంటే పిల్లలకు అర్థం కాదు, "మీ చుక్క మీద నిలబడండి" అంటే వెంటనే అర్థమవుతుంది. ఆవరణ లేకపోతే, 20 అడుగుల గదిలో బెంచీలు జరిపి సగం మందితో చేయించండి. మిగతా సగం ఊరికే చూడకుండా తాళం కొట్టే పని వాళ్లకివ్వండి.

ముప్పై నిమిషాలను ఇలా పంచుకోవచ్చు: చుక్క మీదకు చేరడానికి 3, జోరు ఆటకు 8, ఆకారాలకు 7, ఊపిరికి 5, పడుకోవడానికి 4, మాటలకు 3. ఒకదాని నుంచి ఇంకోదానికి మారేటప్పుడే గోల పుడుతుంది. అందుకని మారే ప్రతిచోటా ఒకే శబ్దం వాడండి. బడి గంట కొట్టకండి, అది వింటే పరుగెత్తడం పిల్లలకు అలవాటు. చిన్న కంచు గంట కొట్టి, "ఈ మోత ఎప్పుడు ఆగిపోతుందో విని, ఆగగానే చెయ్యెత్తండి" అనండి. గద్దించకుండానే అందరూ చెవులు రిక్కిస్తారు. పాఠం మొత్తంలో నిజమైన మొదటి ఎరుక అదే.

జోరు ఆటకు కొత్తవి వెతకక్కర్లేదు. డప్పు కొడుతుంటే నడవడం, ఆపగానే "స్టాచ్యూ" అయిపోవడం ఈ వయసుకు అన్నిటికన్నా పనికొస్తుంది, ఎందుకంటే పరుగును మధ్యలో ఆపుకోవడమే వాళ్లు నేర్చుకోవాల్సిన పని. మొదట నెమ్మదిగా, తర్వాత వేగంగా కొట్టండి. చివరి రెండు నిమిషాలు మళ్లీ నెమ్మదించాలి. చాలామంది టీచర్లు వేగం పెంచి అక్కడే ఆపేస్తారు. ఆ ఊపులో ఉన్నవాళ్లను చెట్టులా నిలబడమంటే ఒకరి మీద ఒకరు పడతారు. ఒప్పులకుప్ప ఆడిస్తే మట్టి నేల మీదే, ఐదారు చుట్లకు మించకుండా. ఆగాక లోపలి చెవిలోని ద్రవం ఇంకా తిరుగుతూనే ఉంటుంది కాబట్టి కళ్లు తెరిచి ఒక చెట్టునో స్తంభాన్నో చూడమనండి. దాని వెంటనే ఊపిరి పనులు వద్దు, వాంతి వచ్చినట్టవుతుంది.

ఆకారాల్లో పిల్లి, పాము, చెట్టు, తాబేలు నాలుగూ చాలు. మూడు వారాలు అవే ఉంచి, వారానికి ఒక్క చిన్న మార్పు చేయండి. పిల్లలకు విసుగు రాదు, మనకే వస్తుంది. చెట్టులో పాదాన్ని మోకాలి మీద పెట్టనివ్వకండి, మడమ దగ్గర గానీ పిక్క మీద గానీ పెట్టాలి. ఈ వయసువాళ్లు సాధారణంగా పది సెకన్ల దాకా ఒంటికాలి మీద నిలవగలరు. ఆరు సెకన్లతో మొదలుపెట్టండి. తల కింద, కాళ్లు పైన పెట్టే ఆసనాలేవీ ఇక్కడ వద్దు, మెడ మీద బరువు పడుతుంది. ఎదురుగా నిలబడి చూపేటప్పుడు మీరు అద్దంలా ఉండాలి: "కుడి చెయ్యి" అంటూ మీ ఎడమ చెయ్యి ఎత్తాలి. "కదలకండి" అనే బదులు "అరికాలు నేలను ఎక్కడ నొక్కుతోంది?" అని అడగండి. ఒంగిన వీపును చేత్తో సరిచేయకండి. తాకాల్సి వస్తే అడిగి తాకండి.

ఊపిరి దగ్గర పెద్దల లెక్కలు పెట్టొద్దు. ఈ పిల్లలు నిమిషానికి ఇరవై సార్లు అటూ ఇటూగా ఊపిరి తీస్తారు, అంటే ఒక్కో శ్వాసకు దాదాపు మూడు సెకన్లు. నాలుగు అంకెల పాటు పీల్చి, ఏడు అంకెలు బిగబట్టమంటే ఉక్కిరిబిక్కిరవుతారు. బిగబట్టడమే వద్దు. పుట్టినరోజు కొవ్వొత్తి ఊదినట్టు అని చాలాచోట్ల చెబుతుంటారు. మన ఇళ్లలో దీపం ఊది ఆర్పకూడదు కదా! పైగా కొవ్వొత్తి అనగానే పిల్లలు ఉఫ్‌మని ఒక్కసారిగా ఊదేస్తారు. "మల్లెపువ్వు వాసన చూడండి, వేడి జావ ఒలకకుండా ఊదండి" అనండి. గ్లాసు ఒలికిపోతుందని నెమ్మదిగా ఊదుతారు, మనకు కావలసింది ఆ పొడుగాటి నిశ్వాసమే. వరుసగా ఐదుసార్లు చాలు. గట్టిగా, గబగబా చేస్తే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గి తల తిరుగుతుంది. మూర్ఛ ఉన్న పిల్లలతో వేగంగా ఊపిరి తీయించకూడదు, ఇది ముందే తల్లిదండ్రులను అడిగి రాసిపెట్టుకోండి. ఉబ్బసం వల్ల పిల్లికూతలు వచ్చే పిల్లల ఇన్‌హేలర్ మీ దగ్గరే ఉండాలి. తుమ్మెద ఝుంకారాన్ని "ఓం" అని కాకుండా "మ్మ్" అని మాత్రమే అనిపిస్తే అన్ని మతాల ఇళ్ల పిల్లలకూ ఇబ్బంది ఉండదు.

పడుకునేటప్పుడు ముందుగా బయటి వలయం వాళ్లను రెండడుగులు వెనక్కి జరపండి, లేదంటే వాళ్ల కాళ్లు లోపలివాళ్ల తలలకు తగులుతాయి. అందరి కాళ్లూ మధ్యలోకి, తలలు బయటికి ఉండాలి. తలలు లోపలికి ఉంటే ఒకరి మొహం ఒకరికి కనబడి నవ్వు అంటుకుంటుంది. పొట్ట మీద నోట్‌బుక్ పెట్టి, అది లేచి దిగడం చూడమనండి. కళ్లు మూయడం ఇష్టమైతేనే. చీకటంటే, నిశ్శబ్దమంటే భయపడే పిల్లలు ప్రతి తరగతిలోనూ ఉంటారు. మొదటి వారం తొంభై సెకన్లు, మిగిలిన సమయం సర్దుకోవడానికే పోతుంది. నెల తిరిగేసరికి మూడు నిమిషాలకు తీసుకెళ్లండి. గౌనులో ఉన్న ఆడపిల్లలకు లోపల లెగ్గింగ్ గానీ నిక్కరు గానీ వేసి పంపమని ఇళ్లకు ముందే చెప్పాలి. లేకపోతే వాళ్ల ధ్యాసంతా గౌను లాక్కోవడం మీదే ఉంటుంది.

చివరి మూడు నిమిషాల్లో "ఎలా అనిపించింది?" అని అడిగితే ముప్పై మందీ "బావుంది టీచర్" అని ఒక్క గొంతుతో అంటారు. అలా కాకుండా "గుండె ఎక్కడ కొట్టుకుంది? చేత్తో చూపించు", "ఏ కాలు ముందు అలిసింది?", "పుస్తకం కింద పడిందా, ఎప్పుడు?" అని అడగండి. ఎవరైనా "నాకేమీ తెలియలేదు" అంటే దాన్నీ రాసుకోండి, దిద్దొద్దు. మళ్లీ వారం ఆ పిల్లవాడి పొట్ట మీద ఇంకొంచెం బరువున్న పుస్తకం పెట్టి చూడండి.