సున్నా చుట్టిన అంకెలు, గడిలో ఇరికించిన శకాలు

అందరికీ నమస్కారం. తెర మీద ఉన్న ఈ గుర్తు చూడండి. ఎర్రటి సున్నా, లోపల ఒక కాంజీ అక్షరం, అంటే జపనీస్‌లో వాడే చైనా లిపి అక్షరం. 'రహస్యం' అని అర్థం. మీ ఫోన్ ఎమోజీల్లో ఎప్పటినుంచో ఉంది, ఎవరూ పట్టించుకుని ఉండరు. మనకిది బొమ్మ, కంప్యూటర్‌కి మాత్రం ఒక నంబరు. ప్రపంచ భాషల అక్షరాలన్నిటికీ ఒక్కో నంబరు ఇచ్చే పట్టిక యూనికోడ్, అందులో దీని చోటు 3299. ఆ నంబర్లని ఫైల్లో దాచే పద్ధతి యూటీఎఫ్-8, అందులో ఇది మూడు బైట్లు. సున్నా గీయడం, రంగు వేయడం ఫాంటు పని.

మరి సున్నా చుట్టడం అలంకారమే కదా, దానికి విడిగా కోడ్ దేనికి? బోల్డ్ చేసిన 'క'కి మనకెవరూ వేరే కోడ్ ఇవ్వలేదుగా! యూనికోడ్ సిద్ధాంతం కూడా అదే. కానీ జపాన్ దగ్గర రాజీ పడక తప్పలేదు. అక్కడి కంప్యూటర్లలో ఈ గుర్తులు అప్పటికే వాడుకలో ఉన్నాయి. పాత ఫైలు యూనికోడ్‌లోకి వెళ్లి మళ్లీ వెనక్కి వచ్చినా ఒక్క అక్షరం మారకూడదు. ఆ హామీ లేకపోతే ఎవరు మారతారు చెప్పండి?

1978లో వచ్చిన జపాన్ అక్షరాల కోడ్ ప్రమాణంలో కొన్ని గడులు ఖాళీగా వదిలారు. కంపెనీలు వాటిని తమకి తోచినట్టు నింపుకున్నాయి. జపాన్ కంప్యూటర్ కంపెనీ ఎన్‌ఈసీ పెట్టిన గుర్తులే తర్వాత విండోస్‌లోకి వచ్చాయి. మ్యాక్‌లో అవే గడుల్లో వేరేవి ఉండేవి. దాంతో విండోస్‌లో సున్నా చుట్టి 1, 2 అని రాసి పంపితే, మ్యాక్‌లో బ్రాకెట్లలో ఆది, సోమ అని కనిపించేవి. మీటింగ్ ఎజెండా కాస్తా వారాల పట్టిక! ఇలాంటివాటికి జపాన్‌లో 'కిషు ఇజోన్ మోజి' అని పేరే పడిపోయింది, అంటే మెషీన్‌ని బట్టి మారే అక్షరాలు. పాత డీటీపీ ఫాంట్లలో తెలుగు టైప్ చేసినవాళ్లకి ఈ బాధ కొత్తేం కాదు.

వీటిలో నాకు బాగా నచ్చేవి శకాల గుర్తులు. జపాన్‌లో చక్రవర్తి మారితే శకం పేరు మారుతుంది. రెండు కాంజీల ఆ పేరుని ఒక్క గడిలో ఇరికించి ఒకే అక్షరంగా వాడతారు. పట్టికలో మొదట హేసేయ్, తర్వాత షోవా, తైషో, మేజీ. అంటే కొత్తది ముందు, పాతది వెనక. మేజీ పక్క గడిలో 'జాయింట్ స్టాక్ కంపెనీ' గుర్తు కూర్చుంది. ఇంకో శకం వస్తుందని తెలిసి కూడా పక్కన చోటు ఉంచలేదు!

2019 ఏప్రిల్ 1న 'రేవా' అని పేరు ప్రకటించారు. మే 1 నుంచి కొత్త శకం. ఆ పేరేమిటో తెలియకముందే యూనికోడ్ వాళ్లు దూరంగా వేరే వరుసలో ఒక గడి రిజర్వ్ చేసి ఉంచారు. మే 7న యూనికోడ్ 12.1 వచ్చింది. కొత్తగా చేరింది ఆ ఒక్క అక్షరమే. అలంకారం కోసం ఒక వెర్షనే విడుదల చేశారన్నమాట. దుబారా అనుకోవచ్చు, కానీ చాలా ఆఫీసు ఫారాల్లో పుట్టిన సంవత్సరం శకం పేరుతో నింపే దేశంలో ఇది టెన్షన్ పడాల్సిన విషయమే.

ప్రోగ్రాములు రాసేవాళ్లకి ఒక మాట. గడిలో ఇరికించిన హేసేయ్ ఉన్న ఫైల్లో మామూలు రెండు కాంజీలతో నేరుగా వెతికితే దొరకదు. రెండూ కోడ్ ప్రకారం వేర్వేరు. వాటిని కలపడానికి ఎన్‌ఎఫ్‌కేసీ అనే పద్ధతి ఉంది. అది సున్నాలు, గడులు విప్పేసి లోపలి అక్షరాలు బయటపెడుతుంది. వెతకడానికి బ్రహ్మాండం. కానీ ధర 10 యెన్ అని రాసి, ఆ 10 పక్కనే ఫుట్‌నోట్ కోసం సున్నా చుట్టిన 1 పెట్టారనుకోండి, విప్పాక అది 101 అయి కూర్చుంటుంది. అందుకే అసలు టెక్స్ట్‌ని ముట్టుకోకండి. విప్పిన కాపీని విడిగా ఇండెక్స్‌లో పెట్టుకోండి, స్క్రీన్ మీద చూపించేది మాత్రం అసలుదే.