ఆగడం తెలిసిన ఎంజైము

అధ్యక్షులవారికి, సభకు నమస్కారం. సముద్ర జీవుల ఫలదీకరణ మీద మాట్లాడమన్నారు. అది చాలా పెద్ద విషయం, నేను సీ అర్చిన్ అనే ముళ్ల సముద్ర జీవి శుక్రకణం తోక దగ్గరే ఆగుతాను.

అండం చుట్టూ ఉన్న జెల్లీలోంచి చిన్న పెప్టైడ్లు, అంటే పొట్టి అమైనో ఆమ్లాల గొలుసులు, నీళ్లలోకి వస్తాయి. ఆర్బేసియా అనే సీ అర్చిన్ జాతిలో ఆ పెప్టైడు పేరు రిసాక్ట్, మొత్తం 14 అమైనో ఆమ్లాలు. అది తోక మీదున్న, సైక్లిక్ జీఎంపీ అనే సంకేత అణువును తయారుచేసే గ్వానైలైల్ సైక్లేజ్‌కు అతుక్కుంటుంది. సంకేతాన్ని పట్టేదీ, పని చేసే ఎంజైమూ ఒకటే ప్రొటీను! సైక్లిక్ జీఎంపీ పుడుతుంది, పొటాషియం చానళ్లు తెరుచుకుంటాయి, పొర లోపలి వైపు రుణ వోల్టేజి పెరుగుతుంది. ప్రోటాన్లు బయటికి పోయి లోపలి పీహెచ్ పెరుగుతుంది. వోల్టేజి వెనక్కి వచ్చే వేళకు క్యాట్‌స్పర్ చానళ్లలోంచి క్యాల్షియం లోపలికి దిగుతుంది, కణం అండం వైపు మలుపు తిరుగుతుంది. ఒక్క రిసాక్ట్ అణువుకే స్పందన ఉంటుందని 2003లో శాస్త్రవేత్త కౌప్ బృందం చూపింది.

చాలామంది పాఠం ఇక్కడితో ముగిస్తారు. నా బాధ అదే. క్షణాల్లో ఆ సైక్లేజ్ మీది ఫాస్ఫేట్లు ఊడిపోతాయి, దాని జోరు పడిపోతుంది. ఫాస్ఫోడైఎస్టరేజ్ అనే ఇంకో ఎంజైము సైక్లిక్ జీఎంపీని తుంచేస్తుంది. క్యాల్షియాన్ని బయటికి తోడేస్తారు పంపులు. ఇదంతా జరగకపోతే కణం తర్వాతి సంకేతాన్ని కొలవలేదు, దారి పట్టలేదు. మొదలుపెట్టే ఎంజైమును పొగిడి, ఆపేదాన్ని వదిలేస్తే ఎలా?

ప్రయోగశాలలో ఉన్న పిల్లలూ, మీకు ఇంకో మాట చెప్పాలి. వీర్యాన్ని ముందే నీళ్లలో కలిపేస్తున్నారు, దయచేసి మానండి. వృషణంలో కార్బన్ డయాక్సైడ్ ఎక్కువ, కణం లోపలి పీహెచ్ సుమారు 7.2. అక్కడ తోకను ఆడించే మోటారు ప్రొటీను డైనీన్ నిద్రలో ఉంటుంది. సముద్రపు నీరు తగలగానే పీహెచ్ 7.6 దగ్గరికి లేస్తుంది, డైనీన్ మేల్కొని కణానికి శక్తినిచ్చే ఏటీపీని ఖర్చు పెట్టేస్తుంది. పలచన చేసి బల్ల మీద వదిలేసిన వీర్యం బలహీనపడుతుంది. తర్వాత 'ఈ జంతువులు బాగాలేవు' అంటారు! నీళ్లు కలపకుండా మంచు మీద ఉంచండి. అండాలు సిద్ధమయ్యాకే ఒక చుక్క తీసి 10 మి.లీ. సముద్రపు నీటిలో కలపండి. మరీ చిక్కగా పోస్తే ఒక్కో అండంలోకి చాలా కణాలు దూరి, మొదటి విభజనే రెండుకు బదులు మూడు నాలుగుగా చీలుతుంది.

కణాలు చురుగ్గా ఈదుతున్నా ఫలదీకరణ జరగకపోతే తోకను తప్పుపట్టకండి. క్యాల్షియం లేని నీటిలో శుక్రకణం తల కొనలో ఉండే సంచి, అక్రోసోం, తెరుచుకోదు. ముందు ఆ నీటిని ఎలా కలిపారో చూడండి.