గండికోట బొమ్మ ముందు కొన్ని ప్రశ్నలు

సభకు నమస్కారం.

తెరపై మీరు చూస్తున్నది ఒక వీడియో గేమ్ కోసం విద్యార్థి ఒకరు వేసిన ఎన్విరాన్‌మెంట్ కాన్సెప్ట్, అంటే ఆట జరిగే చోటు ఎలా ఉండాలో ముందుగా చూపే బొమ్మ. కడప జిల్లాలోని గండికోటను ఆధారంగా తీసుకున్నారు. సాయంకాలపు వెలుగు, లోయ అడుగున పెన్నా నది, ఎడమ గట్టున కోటగోడ, ముందు భాగంలో బండపై నిలబడిన ఒక బాటసారి. వేసినవారి అనుమతితోనే దీని గురించి మాట్లాడుతున్నాను.

ముందుగా మెచ్చవలసినది ఒకటుంది. దగ్గరి బండలు ముదురుగా, కోట మధ్యస్థంగా, అవతలి గట్టు లేతగా మూడు వ్యాల్యూలుగా, అంటే వెలుగునీడల మోతాదులుగా, స్పష్టంగా విడిపోయాయి కనుక, బొమ్మను తపాలా బిళ్లంత చేసినా విషయం అర్థమవుతుంది. చాలామంది విమర్శ ఇక్కడే, లేకపోతే బ్రష్ పనితనం దగ్గర ఆగిపోతుంది. కానీ కాన్సెప్ట్ బొమ్మను చూసి మోడలర్ కంప్యూటర్లో బండలు తయారు చేయాలి, టెక్స్‌చర్ వేసేవారు రాతి రంగు తేల్చుకోవాలి, లెవల్ డిజైనర్ ఆటగాడు నడిచే దారి వేయాలి. అందుకే నేను మొదట అడిగేది, ఈ చోటు ఎలా ఏర్పడింది అని.

బొమ్మ తడబడింది అక్కడే. లోయ గోడల నిండా గుండ్రటి గుండ్లున్నాయి. అవి హైదరాబాదు చుట్టుపక్కల మనం రోజూ చూసే గ్రానైటు గుండ్లు. గ్రానైటు పగుళ్ల వెంట, మూలల దగ్గర ఎక్కువగా శిథిలమై, పైపొరలు ఊడిపోతూ గుండ్రబడుతుంది. గండికోట రాయి ఆ జాతిది కాదు. అది కడప బేసిన్‌కు, అంటే ఒకప్పుడు ఇసుక, మట్టి పేరుకున్న విశాలమైన పల్లపు ప్రాంతానికి చెందినది, వంద కోట్ల ఏళ్లకు పూర్వం పేరుకున్న ఇసుక పొరలు గట్టిపడగా ఏర్పడిన క్వార్ట్‌జైటు. అడ్డంగా పొరల వెంట, నిలువుగా పగుళ్ల వెంట విరుగుతుంది కాబట్టి దాని దిమ్మెలు పలకలు పలకలుగా, అంచులు పదునుగా, గట్టు మెట్లు మెట్లుగా కనిపిస్తాయి. ఈ బొమ్మను నమ్ముకున్న మోడలర్ వారాల తరబడి వేరే ప్రాంతపు రాళ్లను తయారు చేస్తూ కూర్చుంటాడు.

కోటగోడకూ ఇదే ప్రశ్న వర్తిస్తుంది. అసలు గోడ ఆ ఎర్రటి రాతితోనే కట్టినది కనుక దూరం నుంచి కొండ కొనసాగింపులా కనిపిస్తుంది. ఇక్కడ ఎర్రని గట్టు మీద బూడిదరంగు గోడ లేచింది. కల్పిత లోకంలో అలా ఉండకూడదని నేననను, అయితే ఆ రాయి ఎక్కడినుంచి వచ్చిందో చెప్పే ఆనవాలు ఒక్కటైనా ఉండాలి. గోడ లోపల ఇళ్లు కిక్కిరిసి ఉన్నాయి, నీటి జాడ మాత్రం లేదు. నది కనిపిస్తున్నా ముట్టడి రోజుల్లో ఆ లోయలోకి దిగి ఎవరు తెస్తారు? కత్తుల కోనేరు, రాయల చెరువు, ధాన్యాగారం ఆ కోటలో ఎందుకున్నాయో ఆలోచిస్తే ఇళ్ల అమరికే మారుతుంది.

వెలుగు గురించి ఒక్క మాట. అవతలి గట్టుకు వేసిన గాఢమైన నీలం తేటగాలికి చెల్లుతుంది, రాయలసీమ ఎండాకాలపు దుమ్ములో దూరం తెల్లగా పాలిపోతుంది.

కొలతల లోపం ఇంతకంటే పెద్దది. చూసేవారి కంటి ఎత్తే క్షితిజరేఖ. బాటసారి మనం నిలబడిన బండ మీదే ఉన్నట్టు చూపారు, కనుక అతని కళ్లు ఇంచుమించు ఆ రేఖ మీదే ఉండాలి. బొమ్మలో అతని పాదాలకూ ఆ రేఖకూ మధ్య సగం దూరంలోనే తల ఉంది. అంటే అతను మూడడుగులైనా లేని మనిషి, లేదా మన కన్ను రెండు నిలువుల ఎత్తున ఉంది. ఏది నిజమో తేలకపోతే అతన్ని చూసి కోట ద్వారం ఎత్తు లెక్కకట్టడం కుదరదు.

కొందరు గురువులు ఇలాంటప్పుడు విద్యార్థి బొమ్మ మీదే దిద్ది చూపిస్తారు. నాకది నచ్చదు, దిద్దడం ముగిసేసరికి అది గురువుగారి బొమ్మ అవుతుంది. నేను అడిగేది రెండు గీతల చిత్రాలు మాత్రమే. లోయను అడ్డంగా కోసి రాతి పొరలు చూపే చిత్రం ఒకటి, నీరు, దారులు, ద్వారం గుర్తించిన కోట నేలప్లాను ఒకటి. రంగుల బొమ్మను అవి పూర్తయ్యాకే మళ్లీ తెరవమంటాను.