ఈ ప్రొజెక్టర్ టామ్ కాళ్లు కోసేసింది! బరంపురం డాబా మీద పాత కార్టూన్లు

నమస్కారమండీ, ఒడిశాలోని బరంపురం నుంచి. ముందే చెప్పేస్తున్నా, ఈ మినీ ప్రొజెక్టర్‌ని కంపెనీవాళ్లు ఫ్రీగా పంపించారు. డబ్బులైతే ఇవ్వలేదు. ఈ వీడియో వాళ్లకి ముందు చూపించనూ లేదు. చూపించి ఉంటే బయటికి రానిచ్చేవారు కాదేమో.

ల్యూమెన్లు, ర్యామ్, పోర్టులు... అవన్నీ మీరు ఎక్కడో ఒకచోట చూసే వచ్చుంటారు, నేను మళ్లీ చదవను. వెలుగు బానే ఉంది. ఫోకస్ దానంతటదే కుదురుకుంటుంది. ఫ్యాన్ మోత ఉంది గానీ డాబా మీద తెలీదు. అంతే.

ఇప్పుడు అసలు సంగతికొద్దాం. దీన్ని వాళ్లు ఏమని అమ్ముతున్నారు? మీ చిన్నప్పటి కార్టూన్లు మళ్లీ పెద్ద తెర మీద అని! అట్టపెట్టె మీద పాతకాలం టీవీ బొమ్మ కూడా వేశారు. నేను పడిపోయింది అక్కడే. నా టామ్ అండ్ జెర్రీ డీవీడీల్లోంచి కొన్ని పెన్‌డ్రైవ్‌కి ఎక్కించి, వీధిలో పిల్లల్ని పిలిచి, ట్యాంకు పక్క గోడ మీద వేశా. వేస్తే ఏటి? టామ్‌కి కాళ్లు లేవు.

ఏమైందో చెప్తా. హన్నా, బార్బెరా 1940లో మొదలుపెట్టిన ఆ కార్టూన్లు సినిమా హాళ్ల కోసం తీసినవి. అప్పటి తెర దాదాపు మన పాత టీవీ ఆకారమే, 4:3కి దగ్గర, అంటే వెడల్పు నాలుగైతే ఎత్తు మూడు. ఇప్పటి తెరలు 16:9. పక్కల్లో నల్ల పట్టీలు కనబడితే కొన్నవాళ్లు తిడతారని కాబోలు, ఈ ప్రొజెక్టర్ బొమ్మని జూమ్ చేసి పైనా కిందా కోసేస్తోంది. లెక్కేసుకోండి, బొమ్మలో నాలుగో వంతు పోయినట్టే! వేరే సినిమా అయితే కాస్త ఆకాశం, కాస్త నేల పోయిందిలే అని ఊరుకోవచ్చు. ఇక్కడ కథంతా నేల మీదే కదండీ! జెర్రీ కన్నం ఎక్కడుంటుంది? గోడ అడుగున. బోను, కుక్క గిన్నె, టామ్ జారిపడే సబ్బు ముక్క, అన్నీ నేల మీదే. పాతవాటిలో ఆ ఇంటి పనావిడ ఉంటుంది చూడండి, మొహం చూపించరు, ఎక్కువగా కాళ్లూ చెప్పులే. ఆ చెప్పులు కూడా కోసేస్తే ఇంక ఆవిడ ఎక్కడుంది?

మెనూలో 4:3 ఆప్షన్ లేదని అనను. ఉంది. పెడితే బొమ్మ సరిగ్గా వస్తుంది, హమ్మయ్య అనుకుంటాం. ఏడు నిమిషాల్లో అది అయిపోయి తరవాతది మొదలవుతుంది, మళ్లీ జూమ్! రిమోట్ తియ్యి, సెట్టింగ్స్, డిస్‌ప్లే, అడ్వాన్స్‌డ్... ప్రతిసారీ. ఇంకోటి 'ఫుల్' అని పెట్టారు. అది కొయ్యదు, సాగదీస్తుంది. జెర్రీ పెళ్లి భోజనాలు చేసొచ్చినట్టు తయారవుతాడు.

ఎందుకింత గొడవంటే, నాకు ఆ బొమ్మ ఆకారమే చిన్నతనం అండీ. మా ఎదురింటి ఒడియా మావుసి (మన పిన్ని లాగ) వాళ్లకి చెక్క షట్టర్ ఉన్న బ్లాక్ అండ్ వైట్ టీవీ ఉండేది. ఆదివారం పొద్దున్న దూరదర్శన్‌లో జంగిల్ బుక్. 1993 మాట. జపాన్ వాళ్లు తీసినదాన్ని హిందీలో వేసేవారు. మాకు ఇంట్లో తెలుగు, బళ్లో ఒడియా. మోగ్లీ ఏమంటున్నాడో మావుసి కొడుకు సగం చెప్పేవాడు, మిగతా సగం మేం కల్పించుకునేవాళ్లం. 1999 అక్టోబరులో గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటిన తుపానుకి మా వీధిలో యాంటెన్నాలన్నీ ఎగిరిపోయాయి. ఆ తరవాతే నాన్న కేబుల్ పెట్టించారు. అప్పుడొచ్చింది కార్టూన్ నెట్‌వర్క్, ఇంగ్లీషులో. పొపాయ్ ఏం గొణుగుతున్నాడో ఈ రోజుకీ నాకు తెలీదు. టామ్ అండ్ జెర్రీకి మాత్రం ఎవడూ ఎవడికీ చెప్పక్కర్లేదు. తెలుగు పిల్లలూ ఒడియా పిల్లలూ ఒకేసారి నవ్వేవాళ్లం.

అక్కడ మాటల పని చేసేది స్కాట్ బ్రాడ్లీ సంగీతం. అడుగు పడితే ఒక స్వరం, మూకుడు తగిలితే ఒకటి. టామ్ కేక మాత్రం సంగీతం కాదండోయ్, హన్నా గారి సొంత గొంతు! దీని స్పీకర్‌లో ఆ కేక గట్టిగా వచ్చింది, పియానో మాత్రం రేకు డబ్బా. టామ్ కచేరీ చేసే 'ది క్యాట్ కన్సర్టో'కి ఆస్కార్ వచ్చింది. దాన్నిలా వినడం పాపం. బయట స్పీకర్ తగిలించుకోండి.

తీర్పు? క్రికెట్‌కి, కొత్త సినిమాలకి కొనుక్కోండి, ఆ ధరకి ఏం చెడ్డది కాదు. పాత కార్టూన్ల కోసం అయితే వద్దు. అదే మాట చెప్పి అమ్ముతున్నారు కాబట్టి నా మార్కు పదికి నాలుగు. కాదు, మూడు. ఇందాక ఎడిటింగ్‌లో మళ్లీ చూశా, ఒళ్లు మండింది.

ఇప్పటికే కొనేసినవాళ్లు పెన్‌డ్రైవ్ పక్కన పెట్టి, ల్యాప్‌టాప్‌ని హెచ్‌డీఎంఐ కేబుల్‌తో తగిలించండి. ప్రొజెక్టర్‌ని 16:9లోనే వదిలేసి, వీఎల్‌సీ అనే వీడియో ప్లేయర్‌లో వేయండి. బొమ్మ సాగినట్టుంటే కీబోర్డులో 'ఏ' నొక్కుతూ పొండి, 4:3 వచ్చాక ఆగండి. పక్కల్లో నల్ల పట్టీలు వస్తాయి. రానివ్వండి.