గ్రాండ్ పియానోను చెవితో, వేలితో పరీక్షించడం: చెన్నై శ్రోతల ప్రశ్నలు, ట్యూనర్ జవాబులు

వ్యాఖ్యాత: శ్రోతలకు నమస్కారం. చెన్నైలోని తెలుగు శ్రోతల కోసం నిర్వహిస్తున్న ఈ ఫోన్-ఇన్ కార్యక్రమంలో ఈ వారం మనతో ఉన్నవారు ముప్పై ఏళ్లుగా ఈ నగరంలో పియానోలను శ్రుతి చేస్తున్న మాస్టారు. గ్రాండ్ పియానో కొనేముందు దాని నాదాన్నీ స్పర్శనూ ఎలా పరీక్షించుకోవాలో వారిని అడగవచ్చు. మొదటి ఫోను అన్నానగర్ నుంచి. చెప్పండమ్మా.

శ్రోత (అన్నానగర్): నమస్కారం మాస్టారూ. మా మనవరాలు ఏడేళ్లుగా అప్‌రైట్ పియానో, అంటే తీగలు నిలువుగా ఉండే దాని మీద నేర్చుకుంటోంది, ఇప్పుడు తీగలు అడ్డంగా పరచి ఉండే గ్రాండ్ కొందామనుకుంటున్నాం. మౌంట్ రోడ్డులో రెండు చూశాం. ఒకదాన్ని వాయిస్తే కొట్టంతా మోగిపోయింది, రెండోది అంత గట్టిగా పలకలేదు. ఇంట్లో అందరూ మొదటిదే బాగుందంటున్నారు. చిన్నప్పుడు విజయవాడలో వీణ నేర్చుకున్నదాన్ని కాబట్టి నాకెందుకో రెండోదాని నాదమే చెవిలో నిలిచింది. ఏది తీసుకోమంటారు?

నిపుణుడు: నమస్కారమమ్మా. వాటిని చూడకుండా ఏది కొనాలో నేను చెప్పలేను కానీ, నాదం చెవిలో నిలిచిందని మీరన్నారు చూడండి, పరీక్ష అక్కడే మొదలవుతుంది. వీణ తీగను మీటి, ఆ స్వరం ఎంతసేపు, ఎంత నిండుగా సాగుతుందో మీరు వినేవారు కదా, పియానోనూ అలాగే వినాలి. చాలామంది కొట్టులో కూర్చోగానే తమకు వచ్చిన పాఠాన్ని వేగంగా, గట్టిగా వాయిస్తారు. అప్పుడు వినిపించేది సుత్తి తీగను తాకిన దెబ్బే తప్ప ఆ దెబ్బ తర్వాత పుట్టే నాదం కాదు. మీరు మధ్య స్థాయిలో ఒక్క మీటను మెల్లగా నొక్కి, వేలు తీయకుండా, ఆ స్వరం పూర్తిగా ఆరిపోయేదాకా వినండి. మంచి వాద్యంలో దెబ్బ తాలూకు చప్పుడు వెంటనే తగ్గిపోయినా, దాని వెనుక ఒక సన్నని, స్థిరమైన నాదం చాలాసేపు సాగుతుంది.

ఆ తర్వాత పైకి వెళ్లండి. ఐదో ఆక్టేవు, అంటే ఐదో స్వరస్థాయి, చివరి నుంచి ఆరో ఆక్టేవు దాకా ఉన్న మీటలను ఒక్కొక్కటిగా, ఒకే బరువుతో నొక్కి చూడండి. పియానోల పనిచేసేవాళ్లు ఆ భాగాన్ని కిల్లర్ ఆక్టేవ్ అంటారు, ఎందుకంటే తీగల నాదాన్ని పెద్దదిగా వినిపించే సౌండ్‌బోర్డులో బలహీనత ఉంటే ముందుగా బయటపడేది అక్కడే. స్ప్రూస్ చెక్కతో చేసే ఆ పలకకు పైకి ఉబ్బినట్టుండే స్వల్పమైన వంపు ఉంటుంది; ఆ వంపు పోయినా, పలకకు తగినంత బిగువు లేకపోయినా, అక్కడి స్వరాలు టక్కున పుట్టి టక్కున ఆరిపోతాయి. పాటను నడిపించే చెయ్యి ఎక్కువగా తిరిగేది ఆ ప్రాంతంలోనే కాబట్టి ఈ లోపాన్ని నేను క్షమించలేను.

శ్రోత (అన్నానగర్): మొదటి పియానో మరీ కంచులా ఖంగుమందండి. దాన్ని తగ్గించవచ్చని అక్కడివాళ్లు చెప్పారు, నిజమేనా?

నిపుణుడు: నిజమేనమ్మా. ఈ భేదాన్ని కొనేవారందరూ తెలుసుకోవాలని నా కోరిక. సుత్తి తలకు చుట్టిన ఫెల్ట్, అంటే ఒత్తిన ఉన్ని, గట్టిపడితే నాదం కరకుగా వస్తుంది. అనుభవమున్న మనిషి సూదులతో ఆ ఫెల్ట్‌ను గుచ్చి మెత్తబరచగలడు, ఆ పనిని వాయిసింగ్ అంటారు. శ్రుతి తప్పితే సరిచేయవచ్చు, మీటల కదలికలో తేడాలుంటే సర్దవచ్చు. కానీ సౌండ్‌బోర్డు ఇవ్వలేని నాదాన్ని ఏ ట్యూనరూ తెచ్చిపెట్టలేడు. కాబట్టి కరకుగా ఉన్నా నాదం నిలిచే పియానోను వదులుకోనక్కర్లేదు, తీయగా ఉన్నా నాదం నిలవని పియానోను నమ్మకూడదు. ముందుగా రెంటినీ శ్రుతి చేయించమని అడిగి, అప్పుడు మళ్లీ వెళ్లి వినండి, ఎందుకంటే ఒకే స్వరానికి ఉండే మూడు తీగలు ఒకదానితో ఒకటి కలవకపోతే మంచి వాద్యం కూడా అలలు అలలుగా ఊగుతూ చెడ్డదిగా వినిపిస్తుంది.

ఇంకొక్క మాట. ఒకే మీటను వీలైనంత మెల్లగా మొదలుపెట్టి క్రమంగా గట్టిగా నొక్కుతూ పోండి. పెరగవలసింది చప్పుడొక్కటే కాదు, నాదం రంగు కూడా మారాలి. 1700 ప్రాంతంలో ఫ్లోరెన్స్‌లో బార్తొలొమేయో క్రిస్తోఫోరి ఈ వాద్యాన్ని తయారుచేసినప్పుడు దాని విశేషంగా చెప్పుకున్నది, మెల్లగానూ గట్టిగానూ పలకడమే. ఇటాలియన్‌లో పియానో అంటే మెల్లగా అనే అర్థం. మెల్లగా పలకడం చేతకాని పియానోను, అది ఎంత మోగినా సరే, నేను మంచిదనలేను.

వ్యాఖ్యాత: మా మైకు దగ్గర కూడా మెల్లగా మాట్లాడేవారి గొంతే ముందు గుర్తుపడతామండి. తర్వాతి ఫోను తాంబరం నుంచి.

శ్రోత (తాంబరం): నమస్కారం సార్. నేను ఎనిమిదో గ్రేడు పరీక్షకు తయారవుతున్నాను. కొన్ని గ్రాండ్‌ల మీద వేళ్లు తేలిగ్గా పరుగెడతాయి, కొన్నింటి మీద పది నిమిషాలకే అలసిపోతాయి. టచ్ సరిగ్గా ఉందో లేదో కొలిచే పద్ధతి ఏదైనా ఉందా సార్?

నిపుణుడు: ఉంది బాబూ, దానికి మీ జేబులోని చిల్లర చాలు. పది రూపాయల నాణెం బరువు ఏడున్నర గ్రాములకు కాస్త పైన ఉంటుంది. కుడి పెడల్‌ను నొక్కి పట్టుకుని, మీట ముందు అంచున ఒక్కొక్క నాణెమే పేర్చండి. మధ్య స్థాయిలో ఆరేడు నాణేలకు, అంటే సుమారు 50 గ్రాములకు, మీట నెమ్మదిగా కిందికి దిగాలి. ఒక్కో మీటకు ఆ లెక్క బాగా మారిపోతుంటే లోపల రాపిడి ఉన్నట్టు. అయితే ఈ కొలత నిలకడగా ఉన్న బరువునే చెబుతుంది. వేగంగా వాయించేటప్పుడు సుత్తి తల బరువు, దాన్ని కదిలించడానికి పట్టే శ్రమ వేరుగా తెలుస్తాయి కాబట్టి నాణేలతో ఆగిపోకూడదు.

ఒక మీటను అతి నెమ్మదిగా నొక్కండి. అది దిగేది మొత్తం పది మిల్లీమీటర్లు మాత్రమే. అడుగుకు చేరబోయేముందు చిన్న అడ్డు తగిలి వదిలినట్టు అనిపిస్తుంది. సుత్తి తీగకు ఒకటి రెండు మిల్లీమీటర్ల దూరంలో ఉండగా యంత్రాంగం దాన్ని విడిచిపెట్టే క్షణమది. ఎనభై ఎనిమిది మీటల్లోనూ ఆ అడ్డు ఒకే లోతులో తగిలితే ఎవరో శ్రద్ధగా సర్దారని అర్థం. తర్వాత మీటను పూర్తిగా పైకి రానీయకుండా, సగంలోనే మళ్లీ నొక్కి చూడండి. గ్రాండ్ పియానోలో అలా పలకాలి. సెబాస్తియన్ ఎరార్ రూపొందించగా 1821లో పేటెంట్ పొందిన ఏర్పాటు వల్ల సాధ్యమైన సౌకర్యమిది, అప్‌రైట్‌లో ఇది అంత సులువుగా రాదు.

శ్రోత (తాంబరం): మా టీచర్ గారి పియానో బరువుగా అనిపించేది సార్. పోయిన నెల ఎవరో వచ్చి నాదం మాత్రమే సర్దారట, ఇప్పుడు తేలిగ్గా ఉంది. మీటలను ముట్టుకోనే లేదన్నారు.

నిపుణుడు: చాలా మంచి విషయం గమనించారు. మన వేలు ఎంత బలం పెట్టాలో చెప్పేది చెవే. మందంగా పలికే పియానో మీద మనకు తెలియకుండానే ఎక్కువ బలంతో నొక్కుతాం, అందుకే అది బరువుగా అనిపిస్తుంది. అదే యంత్రాంగం స్పష్టంగా పలికితే చెయ్యి తేలికపడుతుంది. కొన్నేళ్ల క్రితం ఒక ఇంట్లో పియానో బరువుగా ఉందని పిలిస్తే, నేను రోజంతా మీటలు సర్దాను, అయినా వారికి తేడా తెలియలేదు. మర్నాడు సుత్తుల ఫెల్ట్ అరిగి పడిన గాడులను సాపుచేశాక సమస్య తీరింది. ఆ రోజంతా వృథా చేసినందుకు నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది. టచ్ బాగాలేదనిపిస్తే, ముందుగా నాదమే అలా అనిపింపజేస్తోందేమో చూసుకోండి.

వ్యాఖ్యాత: చివరి ఫోను బీసెంట్ నగర్ నుంచి.

శ్రోత (బీసెంట్ నగర్): మాస్టారూ, మా వీధిలోనే ఒకరు 150 సెంటీమీటర్ల పాత బేబీ గ్రాండ్ అమ్ముతున్నారు. ధర అందుబాటులో ఉంది. సముద్రం దగ్గర ఇన్నేళ్లున్న దాన్ని కొనవచ్చా అండీ?

నిపుణుడు: ముందుగా కింది స్వరాలు వినండి. 274 సెంటీమీటర్ల కచేరీ గ్రాండ్‌లో కింది తీగలు పొడవుగా ఉండి స్వరం స్పష్టంగా తెలుస్తుంది. పొట్టి పియానోలో ఆ లోటును రాగి చుట్టను లావుచేసి పూడ్చాలి కాబట్టి, మరీ చిన్నదైతే అట్టడుగు మీటలు స్వరం తెలియకుండా గుబగుబలాడతాయి. రాగి చుట్టిన తీగలు ఆగి ఉక్కు తీగలు మొదలయ్యే చోట వరుసగా వాయిస్తే గొంతు మారినట్టుండకూడదు. నిజం చెప్పాలంటే, పొడవైన మంచి అప్‌రైట్ ఈ విషయంలో కొన్ని బేబీ గ్రాండ్‌ల కంటే మెరుగు.

ఇక సముద్రం సంగతి. ఉప్పు గాలికి తీగలు తుప్పు పడతాయి, రాగి మీద పచ్చని పూత పడుతుంది, మీటల రంధ్రాల్లోని ఫెల్ట్ తేమకు ఉబ్బి మీటలు బిగుసుకుంటాయి. ఈశాన్య రుతుపవనాల నెలల్లో సౌండ్‌బోర్డు ఉబ్బి శ్రుతి పెరుగుతుంది, పొడి గాలికి తగ్గుతుంది. పగలు ఏసీ వేసి రాత్రి ఆపే ఇళ్లలో ఈ ఊగిసలాట రోజూ జరుగుతుంది. వీటిలో చాలావరకు బాగుచేయవచ్చు. సౌండ్‌బోర్డులో సన్నని పగులు కనిపించినా, వాయించినప్పుడు జరజరమనే చప్పుడు రాకపోతే భయపడకండి. కానీ సుమారు 230 తీగలు కలిసి దాదాపు ఇరవై టన్నుల లాగుడు పెడుతుంటే, వాటిని పట్టి ఉంచేవి పిన్నులు. అవి బిగిసి ఉన్న చెక్క పగిలితే శ్రుతి వారం కూడా నిలవదు, ఆ మరమ్మతు ధరకు మించిపోతుంది.

శ్రోత (బీసెంట్ నగర్): అది మాకెలా తెలుస్తుందండీ?

నిపుణుడు: మీకు తెలియదు, ట్యూనర్ తన రెంచి పెట్టి తిప్పితే చేతికి తెలిసిపోతుంది. అమ్మేవారితో సంబంధం లేని ట్యూనర్‌ను తీసుకెళ్లండి. వెళ్లే ముందు రాత్రంతా ఆ గదిలో ఏసీ ఆపి ఉంచమని అమ్మేవారిని మర్యాదగా అడగండి. బిగుసుకునే మీటలేవో పొద్దున్నే మీ వేళ్లకే తెలుస్తాయి.

శ్రోత (బీసెంట్ నగర్): అలాగేనండీ, రేపే అడుగుతాను.