శాలువా కప్పే ముందు తరగతి గది చూద్దాం

(ఉపాధ్యాయ దినోత్సవం నాడు ఒడిశాలోని బరంపురంలో ప్రభుత్వ బడుల ఉపాధ్యాయులకు జరిగిన సన్మాన సభలో చేసిన ప్రసంగం)

సభకు నమస్కారం. వేదిక మీదున్న మాస్టార్లకూ, టీచరమ్మలకూ, వాళ్ళని చూడాలని పనులు మానుకుని వచ్చిన తల్లిదండ్రులకూ నమస్కారం. గోపాల్‌పూర్ వైపు నుంచి ఆటోలు మాట్లాడుకుని వచ్చిన అమ్మలు వెనకాల నిలబడే ఉన్నారు. ముందు వరుసల్లో కుర్చీలు ఖాళీగా ఉన్నాయమ్మా, వచ్చి కూర్చోండి. ఈ సభ మీ మాట మీదే జరుగుతోంది. అదెలాగో చెప్తాను.

రాధాకృష్ణన్ గారు రాష్ట్రపతి అయిన 1962 నుంచి ఆయన పుట్టినరోజును ఉపాధ్యాయ దినోత్సవంగా జరుపుకుంటున్నాం. అంతకు ముందే, 1958 నుంచే, జాతీయ ఉపాధ్యాయ పురస్కారాలు ఉన్నాయి. 2018లో ఆ పద్ధతి మార్చారు. ఇప్పుడు ఉపాధ్యాయులే ఆన్‌లైన్‌లో దరఖాస్తు పెట్టుకోవాలి. ఫొటోలు, వీడియోలు, కాగితాలు జతచేయాలి. జిల్లా కమిటీ, రాష్ట్ర కమిటీ చూశాక ఢిల్లీలో జ్యూరీ తేలుస్తుంది. సిఫార్సుల బెడద తగ్గాలని చేసిన మార్పు ఇది. ఉద్దేశం మంచిదే, కాదనను. కానీ పొద్దున్నుంచి సాయంత్రం దాకా పిల్లల్లో మునిగిపోయే మనిషి తన గొప్ప తానే రాసుకుని వీడియో తీసి పెడతాడా? కొందరు పెడతారు, వాళ్ళలో నిజంగా అర్హులూ ఉన్నారు. చాలామంది మాత్రం పెట్టరు. అడిగితే "నాకెందుకండీ అవన్నీ" అనేస్తారు.

అందుకే ఈసారి ఈ సన్మానానికి మేము ఎవరినీ దరఖాస్తు అడగలేదు. బడులకే వెళ్ళాం. ముందు గేటు దగ్గర అమ్మల్ని అడిగాం. "మీ పిల్ల నాలుగు రోజులు బడికి రాకపోతే ఇంటికొచ్చి అడిగేది ఎవరు?" ఈ ఒక్క ప్రశ్నకి వచ్చిన జవాబులు ఏ ఫైల్లోనూ దొరకవు. ఒకావిడ అంది: "మా గుంటడికి ఇంట్లో కూడా గురుమా చెప్పిందే వేదమండీ. నేను చెప్తే వినడు." గురుమా అంటే ఒడియాలో టీచరమ్మ. ఆ గురుమా ఎవరో కనుక్కుని ఆవిడ క్లాసుకి వెళ్ళి కూర్చున్నాం.

రెండో తరగతి. సగం మంది చేపల రేవు పిల్లలు, ఇంట్లో తెలుగు, బళ్ళో ఒడియా. ఆవిడ "అణతిరిశ రాయండి" అంది. ఒడియాలో అది ఇరవై తొమ్మిది. మన పిల్లలు చాలామంది ముప్పై తొమ్మిది రాశారు. ఎందుకంటే వాళ్ళ చెవికి వినిపించింది "తిరిశ", అంటే ముప్పై. తెలుగులో ఇరవై తొమ్మిది అంటే ఇరవై కళ్ళముందే ఉంటుంది. ఒడియాలో ముప్పైకి ఒకటి తక్కువ అని చెప్పుకుంటారు. ఈ తికమక తెలియని వాళ్ళు "వీడికి లెక్కలు రావు" అని తేల్చేస్తారు. రెండో తరగతిలో ఆ ముద్ర పడిందంటే ఐదో తరగతికి వచ్చేసరికి ఆ పిల్లాడు వెనక బెంచీలో స్థిరపడిపోతాడు.

ఆవిడ ఎవరినీ తిట్టలేదు. పదేసి పుల్లలు కట్టిన కట్టలు మూడు తీసి బల్ల మీద పెట్టింది. ఒక కట్టలోంచి ఒక పుల్ల లాగేసి, తెలుగులో "ఎన్ని?" అంది. "ఇరవై తొమ్మిది!" అని గది దద్దరిల్లేలా అరిచారు. "అదే అణతిరిశ" అంది. తరవాత లాగిన పుల్లని తిరిగి కట్టలో పెట్టేసి, నాలుగో కట్ట కలిపి మళ్ళీ ఒక పుల్ల లాగింది. "అణచాళిశ" అని ఈసారి పిల్లలే అన్నారు, ఆవిడ నోరు విప్పకముందే. ఆవిడది ఒడియా ఇల్లు. తెలుగు అంకెలు ఎక్కడ నేర్చుకున్నారమ్మా అంటే, బజారులో చేపలమ్మే అమ్మల దగ్గర, రోజూ బేరమాడి నేర్చుకున్నానన్నారు. ఆవిడ ఇవాళ ఈ వేదిక మీద ఉన్నారు. పేరు చెప్పి పొగిడితే ఆవిడకి ఇబ్బంది. పిల్లలు మాత్రం వాళ్ళ గురుమాని గుర్తుపట్టి ఇందాకట్నుంచీ చేతులూపుతున్నారు.

ఆ పావుగంట ఏ రిజిస్టరులోనూ ఎక్కదు. మెట్రిక్ ఫలితాల పట్టికలోనూ కనపడదు. మన జిల్లాలో బడిని పొగిడినా తెగిడినా ఆ పట్టిక పెట్టుకునే మాట్లాడతాం. ఆరో తరగతికి వచ్చి కూడా కూడబలుక్కుని చదివే పిల్లని ఏడాదిలో పేపరు చదివేలా చేసిన మాస్టారికి ఆ పట్టికలో చోటే లేదు. అందుకే మేము శాతాలు అడగలేదు. ఏ పిల్ల ఎక్కడ మొదలుపెట్టి ఎక్కడికి వచ్చిందో పాత నోటుపుస్తకాలు తిరగేసి చూశాం.

ఈ నేలకి ఇది కొత్త సంగతి కాదు. పర్లాకిమిడి మనకి ఎంతో దూరం లేదు. అక్కడ రాజావారి బళ్ళో పాఠాలు చెప్పుకునే మాస్టారే గిడుగు రామమూర్తి పంతులు గారు. కొండల మీది సవరల పిల్లలకి అర్థమయ్యే భాషలో చదువు లేదని, ఒక సవర మనిషిని ఇంట్లో పెట్టుకుని ఆ భాష నేర్చుకున్నారు. వాచకాలు రాశారు, సొంత డబ్బుతో బడులు పెట్టారు. బిరుదులు, పతకాలు తరవాతెప్పుడో వచ్చాయి. 1931లో సవర వ్యాకరణం, 1938లో నిఘంటువు అచ్చయ్యాయి. వీటన్నిటికీ మూలం తన ఎదుట కూర్చున్న పిల్లవాడికి అర్థం కావట్లేదని ఒక బడిపంతులు గమనించడం. పుల్లల కట్టలతో మా గురుమా చేసిందీ అదే.

అధికారులు కూడా సభలో ఉన్నారు కాబట్టి రెండు విషయాలు అడగనివ్వండి.

మొదటిది సమయం. 2009 విద్యాహక్కు చట్టం 27వ సెక్షన్‌లో స్పష్టంగా ఉంది: జనగణన, విపత్తు సహాయం, ఎన్నికల విధులు తప్ప చదువుతో సంబంధం లేని పని ఉపాధ్యాయులకి పెట్టకూడదు. విపత్తు పనికి ఏ మాస్టారూ విసుక్కోలేదు. 2013 అక్టోబరు 12 రాత్రి గోపాల్‌పూర్ దగ్గర ఫైలిన్ తుపాను తీరం దాటినప్పుడు తలదాచుకోవడానికి జనం పరుగెత్తింది బడులకే కదా. నేను అడిగేది మిగతా పనుల సంగతి. ఈ సర్వే, ఆ యాప్, సాయంత్రంలోగా పంపాల్సిన ఫొటో. క్లాసు మధ్యలో ఫోను మోగితే టీచరమ్మ పాఠం ఆపి బయటికి పరుగెత్తడం మేము కళ్ళారా చూశాం. ఆ టెన్షన్ తగ్గించండి. సన్మానం కన్నా వాళ్ళకి అదే పెద్ద మేలు.

రెండోది తెలుగు పోస్టులు. భాషాపరంగా తక్కువ సంఖ్యలో ఉన్నవాళ్ళ పిల్లలకి ప్రాథమిక స్థాయిలో మాతృభాషలో బోధన ఏర్పాటు చేయాలని 1956లో రాజ్యాంగంలో 350ఏ అధికరణం చేర్చారు. మన దగ్గర తెలుగు మాస్టారు రిటైరైతే ఆ కుర్చీ ఖాళీగా ఉండిపోవడం చూస్తున్నాం. పిల్లలు తగ్గారు కాబట్టి మాస్టారు వద్దంటారు. మాస్టారు లేకపోతే పిల్లలెలా చేరతారు? ఒడియా నేర్చుకోవద్దని ఇక్కడ ఎవరూ అనరు. ఒడియా బాగా రావాలి, ఈ రాష్ట్రంలో బతుకు దానితోనే. ఇంటి భాషలో చదవడం రాయడం గట్టిపడితే ఆ ఒడియా కూడా త్వరగా వస్తుంది. ఈ వేదిక మీద ఉన్న తెలుగు మాస్టారు వచ్చే ఏడాది రిటైరవుతున్నారు. ఆయన పోస్టు భర్తీ చేయండి. ఆయన ఉండగానే కొత్తవాళ్ళు వచ్చి కొన్నాళ్ళు ఆయన పక్కన కూర్చుని పని చూసే ఏర్పాటు చేయగలిగితే ఇంకా మంచిది.

తల్లిదండ్రులకి ఒక మాట. బళ్ళో మేనేజ్‌మెంట్ కమిటీ మీటింగు పెడితే సంతకం పెట్టి వచ్చేయకండి. మంచి పాఠం చెప్పిన మాస్టారి గురించి నాలుగు ముక్కలు మినిట్స్ పుస్తకంలో రాయించండి. తెలుగులో చెప్పినా సరే, రాసేవాళ్ళున్నారు. వచ్చే ఏడాది మేము ఎంపికకి బయల్దేరేటప్పుడు మొట్టమొదట తెరిచేది ఆ పుస్తకమే.

ఇప్పుడు శాలువాలు కప్పడానికి అధికారుల కన్నా ముందు పిల్లల్ని పిలుస్తున్నాను. రండి నాన్నా, ఎవరి టీచరు దగ్గరికి వాళ్ళు వెళ్ళండి.